దేవుడు లేని గుట్ట

కౌసర్‌కు ఆదివారాలు ఒక షరతు మీద దొరికాయి. షరతు పెట్టింది అత్త జమీలాబీ.

"గుట్టెక్కితే నడుం నొప్పి తగ్గుతదంటున్నవు, ఎక్కు. నేనెందుకు అద్దంట? కానీ దేవుడున్న గుట్ట ఎక్కద్దు. దర్గా ఉంటే సరే. వేరేటోళ్ల దేవుడుంటే మాత్రం కింది నుంచే వాపస్ రావాలె. రేపు మన వాడల ఎవలన్న అడిగితే నేనేం మొఖం పెట్టుకోవాలె?"

"దేవుడు లేని గుట్టే ఎక్కుత అమ్మీ," అని కౌసర్ మాట ఇచ్చింది.

కోరుట్లలో ఆమె పదిహేడేళ్లుగా కుట్టుమిషన్ మీద కూర్చుంటోంది. నడుము పట్టేసి డాక్టర్ దగ్గరికి వెళితే, రోజూ నడవమన్నాడు. బజారులో నడిస్తే పది అడుగులకొకరు ఆపి, నా జాకెట్ ఎప్పుడిస్తవని అడిగేవారు. జగిత్యాలలో ఆడపిల్లల బడిలో వ్యాయామం టీచరు సుమిత్ర మేడం, యూనిఫారాలు కుట్టించుకోవడానికి వచ్చి ఆ సంగతి విని, "నువ్వు మా గుట్ట క్లబ్‌ల చేరు. ఆడ నిన్ను జాకెట్లు అడిగెటోళ్లు ఎవలుండరు," అంది.

క్లబ్బులో పదకొండు మంది. జగిత్యాల వాళ్లు, కోరుట్ల వాళ్లు, సిరిసిల్ల నుంచి భూదేవి, ఆమె తోడికోడలు. ఎండాకాలం బడికి సెలవులు, పొలం పనులూ ఉండవు కనుక ఆ రెండు నెలలే క్లబ్బు. ఆదివారం ఐదింటికల్లా గుట్ట కిందికి చేరాలి. ఎండ ముదిరేలోపు, ఎనిమిదింటికి దిగాలి. తొమ్మిదిన్నరకు చర్చికి చేరుకోవాల్సిన మంజుల ఎక్కేటప్పుడు కూడా గడియారమే చూసుకునేది.

దేవుడు లేని గుట్ట దొరకడం అంత తేలిక కాలేదు. సుమిత్ర మేడం తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఒకదాని మీద నర్సింహస్వామి, ఒకదాని మీద మల్లన్న, ఒకదాని మీద ఎవరూ పేరు చెప్పలేని ఒక అమ్మవారు.

"దేవుడు లేని గుట్టలన్నీ క్వారీలోళ్లు కొట్టుకపోయిండ్రు మేడం," అంది భూదేవి. "దేవుడున్నయే మిగిలినయ్."

చివరికి కథలాపూర్ అవతల ఒక బోడగుట్ట దొరికింది. మెట్లు లేవు, తోవ లేదు, గుడి లేదు. తుమ్మలు, బండరాళ్లు, పైన ఒక చదునైన బండ. మొదటిసారి అక్కడ నిలబడినప్పుడు కౌసర్‌కు దూరంగా చెరువు ఒకటి అద్దం ముక్కలాగా కనిపించింది. ఎవరూ ఆమెను పిలవలేదు. పదిహేడేళ్లలో అంతసేపు ఎవరూ పిలవకుండా ఉండడం అదే మొదలు. ఇంటికి వచ్చాక జమీలాబీ అడిగింది.

"పైన ఏమున్నది?"

"ఏం లేదు అమ్మీ. రాళ్లు."

"అయితే సరే," అంది జమీలాబీ. రొట్టెల గిన్నె ముందుకు జరిపింది.

మొదటి రోజు దిగేటప్పుడు మాత్రం అందరూ దారి తప్పారు. గుట్టకు రెండో వైపున ఒక మామిడి తోటలోకి దిగితే, కావలివాడు పదకొండు మందినీ కాయలు తెంపే దొంగలనుకుని సంచులు విప్పించాడు. సుమిత్ర మేడం సంచిలో ఈల, గ్లూకోజ్ పొట్లాలు దొరికాయి. "ఈల ఎందుకమ్మా? ఒకరు కావలి, ఒకరు దొంగతనమా?" అన్నాడతను. మంజులకు ఆ రోజు చర్చి అందలేదు.

అందుకని రెండో ఆదివారం తోవకు గుర్తులు పెట్టాలని నిర్ణయించారు. కౌసర్ తన దుకాణంలో మిగిలిన గుడ్డపేలికలు తెచ్చింది. ఎర్రవి, పచ్చవి, పూలవి. భూదేవి సిరిసిల్ల మగ్గాల దగ్గర కత్తిరించి పారేసే చీరంచులు తెచ్చింది. ఇరవై అడుగులకొక తుమ్మకొమ్మకు ఒక పేలిక కట్టుకుంటూ పోయారు. సగం ఎక్కాక తోవ రెండుగా చీలినట్టుండే చోట కట్టడానికి చెట్టు లేదు, నిలువెత్తు బండరాయి ఉంది. సుమిత్ర మేడం రంగుడబ్బా కొందామంది.

"రంగెందుకు మేడం? గడపలకు పూయంగ మిగిలిన జాజున్నది, సున్నమున్నది. వానకు గూడ జల్దిన పోదు," అంది భూదేవి. రాయికి ఎర్రగా జాజు పూసింది, దూరానికి కనిపించాలని సున్నంతో మూడు గీతలు గీసింది. కుడి వైపు తిరగాలని తెలియడానికి ఆ పక్కనే మూడు చిన్న రాళ్లు నిలబెట్టింది. అందరూ బాగుందన్నారు. అదెలా కనిపిస్తోందో ఆ రోజు ఒక్కరికీ తట్టలేదు. ఇంట్లో ఉన్నదే తెచ్చారు, చేతికి అలవాటైనట్టే పూశారు.

మూడో ఆదివారం రాయి దగ్గర కొబ్బరిచిప్పలు ఉన్నాయి.

ఊదుబత్తుల బూడిద, పసుపు, రెండు నిమ్మకాయలు. మూడు చిన్నరాళ్లకూ బొట్లు. అందరూ నిలబడిపోయారు. "ఇదేంది, ఇంకోళ్లు వచ్చి పెట్టుకున్నరా?" అని మంజుల అడిగింది. భూదేవి మాత్రం అలవాటుగా చెప్పులు విడిచింది. సుమిత్ర మేడం చూసేసరికి మళ్లీ తొడుక్కుంది. కాసేపటికి మళ్లీ విడిచింది.

"ఏంది భూదేవీ? ఆ జాజు పూసింది నువ్వే గదా!"

"పూసింది నేనే మేడం. కానీ ఇప్పుడు కొబ్బరికాయ కొట్టిండ్రు గదా."

దిగేటప్పుడు కింది ఊరి ముసలామె ఎదురొచ్చింది. పేరు లసుమవ్వ. చంకలో మూడేళ్ల మనవరాలు, చేతిలో నీళ్లచెంబు.

"మీరేనా బిడ్డా ముందుగాల మొక్కినోళ్లు? మా పోరికి ఎనిమిది దినాల జెరం. గీడికచ్చి మొక్కిపోయిన, తెల్లారెవరకు సల్లవడ్డది. ఇంతకు ఏ దేవుడమ్మా?"

"దేవుడు కాదవ్వా," సుమిత్ర మేడం నెమ్మదిగా చెప్పింది. "మేము తోవ తప్పకుంట గుర్తు పెట్టుకున్నం. అంతే."

"తోవ సూపెట్టెటోడే గదనే దేవుడు! పేరు సెప్పద్దంటే సెప్పకుండ్రి," అంది లసుమవ్వ. "అగో, పచ్చ గుడ్డలున్నయని పీరంటరు మా ఊరి తురకలు. జాజున్నదని అమ్మంటం మేము. ఎవలైతేంది? ఇగ ఈ గుట్ట జోలికి క్వారీ మిషిన్లు రావు."

ఆమె మనవరాలిని రాయి ముందు దించింది. ఆ పిల్ల నిమ్మకాయను తీసి నోట్లో పెట్టుకుంది.

ఆ రోజు జమీలాబీ అడిగితే, "రాళ్లే అమ్మీ," అంది కౌసర్. అబద్ధం కాదు. కానీ రొట్టె సగంలోనే వదిలేసి లేచింది. వారమంతా మిషన్ ముందు కూర్చుని అదే ఆలోచించింది. ఆ రాయి దేవుడైతే తను మాట తప్పినట్టు. కాకపోతే లసుమవ్వ మనవరాలి జ్వరం ఎందుకు తగ్గినట్టు? ఎనిమిది రోజులకు జ్వరం దానంతటదే తగ్గుతుంది. అయినా, పీరయితే తనకు అనుమతి ఉంది, అమ్మవారయితే లేదు. రాయి ఒకటే. ఒకే జాకెట్టును ఇద్దరి కొలతలకు కుట్టినట్టుంది. జాకెట్టుకు మెడ వెనుకపక్క కత్తిరించబోయి ముందుపక్క కత్తిరించింది.

నాలుగో ఆదివారం ముందు, పేలికలన్నీ విప్పేద్దామని క్లబ్బు ఫోన్‌లోనే తీర్మానించింది. విప్పితే గొడవ ఉండదని సుమిత్ర మేడం అంది. కౌసర్‌కు ప్రాణం లేచి వచ్చింది. కానీ వెళ్లి చూస్తే గుట్ట నిండా పేలికలే. తుమ్మలకు, బండ సందుల్లోని గడ్డికి, ఎక్కడ పట్టు దొరికితే అక్కడ. ఏది తాము కట్టింది, ఏది ఎవరు మొక్కుకుని కట్టింది తెలియలేదు. కౌసర్ ఒక ఎర్ర పేలిక ముడి మీద చెయ్యి వేసింది.

"ఆగక్కా," అంది భూదేవి. "గది మనదేనా?"

"మనది లెక్కనే ఉన్నది."

"లెక్కనే ఉన్నదంటే ఎట్ల? ఏ తల్లి కడుపుల పిల్లకోసం కట్టిందో ఏమో."

కౌసర్ చెయ్యి తీసింది. ఇంకెవరూ ముట్టలేదు. పేలికలు చూసుకుంటూ దిగుదామనుకుంటే అవి నాలుగు దిక్కులా ఉన్నాయి. ఎర్రవి పట్టుకుని కొందరు, పచ్చవి పట్టుకుని కొందరు పోయారు. సుమిత్ర మేడం ఈల వేసింది. ఎటు నుంచి వినిపిస్తోందో ఎవరికీ తెలియలేదు. తొమ్మిది దాటాక అందరూ మళ్లీ మామిడి తోటలోనే కలుసుకున్నారు. కావలివాడు ఈసారి సంచులు విప్పించలేదు. దండం పెట్టాడు. "గుట్ట కాడ పూజలు చేసేది మీరేనట గదమ్మా," అని తలా రెండు కాయలిచ్చాడు. తీసుకోవాలో వద్దో తెలియక అందరూ తీసుకున్నారు.

మామిడికాయలతో కౌసర్ ఇంటికి చేరేసరికి జమీలాబీ గడపలోనే కూర్చుని ఉంది. ఆమె పక్కన గాజులమ్మే ఆమె అప్పుడే లేచి వెళుతోంది.

"కౌసర్, నువ్వు ఎక్కేది కథలాపూర్ దిక్కు బోడగుట్టేనా?"

కౌసర్ మామిడికాయలను గడప పక్కన పెట్టింది. "అవు అమ్మీ."

"పైన ఏం లేదంటివి?"

"రాళ్లు..."

"నీకు కండ్లు లేవు. అక్కడ పీర్ సాబ్ వెలిసిండట. పచ్చ జెండాలు కట్టినరట. జ్వరాలు, మోకాళ్ల నొప్పులు అన్నీ పోతున్నయట. నాలుగు ఆదివారాలు పోయినవు, ఒక్కనాడన్న సలాం చేసినవా? వచ్చే ఆదివారం నేనొస్త. మలీదా చేద్దాం."

"అమ్మీ, అది పీర్ కాదు. అది..." అని కౌసర్ ఆగింది. అదేమిటని చెప్పాలి?

"అది ఏంది?"

"కొందరు అమ్మవారంటున్నరు."

జమీలాబీ ముఖం మారింది. "అయితే నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలె అమ్మీ? నాకే ఎరుక లేదు."

"సరే, నేనే చూస్త," అంది జమీలాబీ. "అమ్మవారయితే ఇగ నీ గుట్టలు బంద్. మిషన్ కాడనే కూచో."

ఆ వారమంతా కౌసర్ ఒకటే ఆశ పెట్టుకుంది, అత్త మోకాళ్లు ఆదివారం కదలనివ్వవని. ఆదివారం నాలుగింటికే జమీలాబీ తెల్ల దుప్పట్టా వేసుకుని, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీదా డబ్బా ఒడిలో పెట్టుకుని ఆటోలో కూర్చుంది. నడిపేది ఆమె కొడుకు, కౌసర్ భర్త రసూల్.

"అమ్మీ, ఈ గుట్ట పీర్‌దైతే నా ఆటోకు గిరాకీ. అమ్మవారిదైనా గిరాకే," అన్నాడు రసూల్.

"నీ నోరు మూసుకో," అంది జమీలాబీ.

గుట్ట కింద క్లబ్బు వాళ్లంతా నిలబడి ఉన్నారు. జమీలాబీని చూసి భూదేవి చీర కొంగు సర్దుకుంది. లసుమవ్వ కూడా మనవరాలితో వచ్చింది. జమీలాబీ ఎక్కలేదు, మొదటి తుమ్మచెట్టు వరకే కర్ర పట్టుకుని నడిచింది. అక్కడ కొమ్మకు ఒక పచ్చ పేలిక, తెల్ల చుక్కలది. క్లబ్బు కట్టిన మొట్టమొదటి పేలిక అదే.

జమీలాబీ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని నలిపింది. తిరగేసి చూసింది. కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. కౌసర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన రంజాన్‌కు అత్తకు కుట్టిన సల్వారులో మిగిలిన గుడ్డ అది. జమీలాబీ ఈ రోజు వేసుకున్నది కూడా ఆ సల్వారే. చీలమండల దగ్గర అవే తెల్ల చుక్కలు.

జమీలాబీ తల తిప్పి కోడలి వైపు చూసింది. ఎంతసేపు చూసిందో కౌసర్‌కు తెలియదు. కౌసర్ తల దించుకుంది. ఇక ఆదివారాలు అయిపోయాయి అనుకుంది. అద్దం ముక్కలాంటి ఆ చెరువు ఒకసారి కళ్లలో మెదిలింది.

లసుమవ్వ దగ్గరికి వచ్చింది. "ఏమక్కా, సూస్తివా? మీ పీరా, మా అమ్మా? తెల్సినోళ్లు సెప్తె ఇనాలని ఊరంత ఎదురుసూస్తున్నది."

జమీలాబీ పేలికను వదల్లేదు.

"ఒక్కపారి చూస్తే తెలుస్తదా?" అంది చివరికి. "మా కోడలున్నది గదా. ఆదివారం ఆదివారం వస్తది, ఎక్కి చూస్తది. ఎరుకైన నాడు నేను చెప్త."

లసుమవ్వ తల ఊపింది. జమీలాబీ డబ్బా మూత తీసి మనవరాలి చేతిలో మలీదా పెట్టింది.

"మలిదనా? మేము గూడ సద్దుల బతుకమ్మకు చేసుకుంటం," అంది లసుమవ్వ. తనకూ చెయ్యి చాపింది.

తరువాత జరిగింది కౌసర్‌కు ఇప్పటికీ అర్థం కాదు. అత్త తన సల్వారు పేలికను ఇంకోసారి నిమిరింది. ఆ వేళ్లను రెండు కళ్లకూ అద్దుకుంది. పెదవులు కదిలాయి. ఏం చదివిందో వినిపించలేదు. నాటకమైతే అప్పటికి లసుమవ్వ వెనక్కి తిరిగి పోతోంది, క్లబ్బు వాళ్లు గుట్ట వైపు తిరిగి ఉన్నారు, చూసేవాళ్లు లేరు. నాటకం కాకపోతే, ఆ గుడ్డ ఎవరిదో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరు?

"అమ్మీ," అని పిలిచింది కౌసర్.

"పైకి పో. నీ వాళ్లంతా ఆగిండ్రు," అంది జమీలాబీ. "మంచిగ చూసిరా. రాళ్లు అని రాకు."

సుమిత్ర మేడం ఈల వేసింది. కౌసర్ ఎక్కడం మొదలుపెట్టింది. కింద జమీలాబీ కర్ర టకటకలాడించుకుంటూ ఆటో ఎక్కి కూర్చుంది. రసూల్ అడిగింది పైదాకా వినిపించింది.

"అమ్మీ, ఇంతకు ఏమున్నదట?"

"నీకెందుకురా? ఆమె దిగేదాంక బండి నీడకు పెట్టు."