శిలువకు జ్ఞానమాత

మెక్సికో నగరం కింద మురుగు సొరంగం తవ్వే యంత్రం సగం రోజు ఆగిందంటే చాలు, చుట్టూ ఉన్న పాత చెరువు బంకమట్టి దాన్ని పట్టి బిగించేస్తుంది. బిగిస్తే వానలు మొదలయ్యేసరికి పని పూర్తికాదు, ఈ ఏడు కూడా నగరం అంచున పల్లంలో ఉన్న చాల్కో ఇళ్లల్లో మోకాటిలోతు మురుగే. ఈ సంగతి ఇంజనీరు అరాసెలీకి ఎంత తెలుసో కూలీలకూ అంతే తెలుసు. తెలిసీ పొద్దుటి నుంచి, సొరంగంలోకి దిగే బావి ఒడ్డున నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

ఆ రోజు మే మూడు, కట్టుబడి వాళ్ల శిలువ పండుగ. పనిచోట పూలు కట్టిన శిలువ నిలబెట్టందే ఎవరూ పనిముట్టు ముట్టరు. అది తెలుసు కాబట్టే అరాసెలీ తెల్లారేసరికి పంది వేపుడు, మక్కరొట్టెలు, కారప్పచ్చడి తెప్పించింది. శుభ్రంగా తిన్నారు. మూతులు తుడుచుకుని మళ్లీ కూర్చున్నారు. శిలువ మాత్రం గోడకు ఆనించినది ఆనించినట్టే ఉంది. బతిమాలింది, బెదిరించింది, పైవాళ్లకు ఫోన్ చేస్తానంది. చేసుకోమన్నారు. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇంకేం కావాలి మీకు?" అని మేస్త్రీ ఎలీసెయో మీద విరుచుకుపడింది.

"జ్ఞానమాత కావాలి, శిలువకి తల్లిగా నిలబడి దాన్ని మోసుకొచ్చే మనిషి," అన్నాడు ముసలాయన. "తల్లి లేని శిలువని ఎట్టా నిలబెడతాం? మొన్న మిమ్మల్నే అడిగాం కదా ఇంజనీరమ్మా. నవ్వేసి పోయారు."

నవ్విన మాట నిజమే. ఆడది దిగితే సొరంగం కూలుతుందని ఆమె వచ్చిన మొదటి రోజు గొణిగిన మనుషులు వీళ్లు. అలాంటివాళ్లు శిలువకు తల్లిగా ఉండమంటే ఎవరు నమ్ముతారు?

"ఎగతాళి అనుకున్నాను," అంది కోపం తగ్గకుండానే. "కంపెనీలో అంతమంది పెద్దమనుషులుండగా నేనే ఎందుకు?"

"ఆళ్లు కిందికి రారు. నువ్వు రోజూ దిగుతావు తల్లీ. కూలితే మాతోపాటు నీ మీదా కూలుద్ది. ఇంకెవర్ని అడుగుతాం?"

ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా అని తిట్టబోయింది. తిట్టడం మానేసి గోడ దగ్గరికి నడిచింది. శిలువ భుజాన వేసుకుని లిఫ్టు ఎక్కింది. వెనకే అందరూ లేచారు.

శిలువ నిలబెట్టి మీట నొక్కితే యంత్రం మూలిగింది గానీ కదల్లేదు. మట్టి అప్పటికే పట్టేసింది. మట్టి పట్టు వదిలేలా యంత్రం చుట్టూ పంపుతో జారుడు బురద ఎక్కించి తోశారు. మళ్లీ ఎక్కించి మళ్లీ తోశారు. చివరికి బెత్తెడు జరిగింది, ఆ తర్వాత మరో బెత్తెడు. అంతా శిలువ చలవేనన్నాడు ఎలీసెయో. కాదు, జారుడు బురద చలవ అని గట్టిగా చెబుదామనుకుంది అరాసెలీ. ఏడుపు ఆగితేగా.