యానాంలో అక్కాచెల్లెళ్ళ పాట

నేను ఒక పాటల రికార్డును. నల్లగా, గుండ్రంగా, మధ్యలో చిన్న చిల్లుతో ఉంటాను. ఇప్పుడు నన్నెవరూ పాడించరు. పాడిన రోజుల్లో నన్ను విన్నవాళ్ళ గురించి చెప్పాలని ఉంది.

నా పుట్టుక కెనడాలో, ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ ప్రాంతంలో. మడ్లెన్, సోలాంజ్ అని ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. రొట్టెల పిండి పిసుకుతూ వాళ్ళమ్మ పాడుకునే పల్లెపాటలు వింటూ పెరిగారు. ఆవిడ పోయాక, ఆ పాటలు తామే మరిచిపోతామేమోనన్న భయంతో పట్నం వెళ్ళి స్టూడియోలో పాడారు. అక్కది బరువైన గొంతు. చెల్లెలిది సన్నగా పైకి లేచే గొంతు. మడ్లెన్‌కి చెక్క నేల మీద కాలితో తాళం వేస్తేగాని పాట రాదు. చప్పుడు అడ్డొస్తోందని స్టూడియోవాళ్ళు బూట్లు విప్పించారు. పాట రాలేదు. మళ్ళీ తొడుక్కుంది. ఒకచోట సోలాంజ్ నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వు ఉంచాలా తీసెయ్యాలా అని పెద్దలు వాదించుకుంటూ ఉండగానే భోజనాల వేళయింది. నవ్వు అలాగే నాలో ఉండిపోయింది.

నన్ను కొన్న సిమోన్ అక్కడే ఒక నర్సు. కాకినాడలో ఒక ఆసుపత్రిలో పనిచెయ్యడానికి వస్తూ నన్నూ, ఒక చిన్న ప్లేయరునూ బట్టల మధ్య సర్ది తెచ్చుకుంది. ఆ ఊళ్ళో ఆమెతో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు దొరకలేదు. ఎవరో చెప్పారు, గోదావరి ఒడ్డున యానాం ఉంది, చాలాకాలం ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు, అక్కడ హైమావతి టీచరుగారు ఇప్పటికీ బడిలో ఆ భాషే చెబుతున్నారని. సిమోన్ బస్సెక్కి వెళ్ళింది. ఆ రోజు ఇద్దరూ చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. ఆ తరవాత సెలవు దొరికితే చాలు, నన్ను చంకన, ప్లేయరును చేత పట్టుకుని యానాం వచ్చేది. స్వదేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు నన్నూ, ప్లేయరునూ టీచరుగారికే ఇచ్చేసింది.

హైమావతి టీచరు పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలు మంగతాయారు ఆవిడతోనే ఉండేది. తాయారమ్మ జాకెట్లు కుట్టేది. సాయంత్రం కాగానే టీచరుగారు నన్ను ప్లేయరు మీద పెట్టి కిటికీ తలుపులు తెరిచేవారు. గది మూల కుట్టుమిషను, కిటికీ దగ్గర నేను, వీధరుగు మీద శ్రోతలు.

ఆ శ్రోతల్లో ముఖ్యుడు సంగాడి నారాయుడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, పింఛను మీద బతుకుతున్న మనిషి. మొదటిసారి నన్ను విని ముఖం చిట్లించాడు.

"ఇది ఫ్రాన్సు ఫ్రెంచి గాదండి టీచరుగారూ. యాస తేడాగా ఉంది."

"వాళ్ళ ఊరి యాస అది. మన యాస విని కాకినాడవాళ్ళు నవ్వరా?"

"నవ్వితే నవ్వుతారు. మనం బాగానే మాటాడతన్నాం గదా," అన్నాడు నారాయుడు. ఇంకో పాట విని, "ఈళ్ళూ బాగానే పాడతన్నార్లెండి," అని ఒప్పుకున్నాడు. మనుషులు తమ యాస తప్ప తక్కినవన్నీ యాసలే అనుకుంటారు.

చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే సూరమ్మకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. ఒకరోజు గంప దించి అరుగు మీద కూర్చుంది.

"ఏం చెప్తన్నారు టీచరమ్మా ఆళ్ళు?"

"మొగుడు చలికాలమంతా అడవిలో చెట్లు కొట్టడానికి పోయాడు. అతనొస్తాడని పెళ్ళాం రోజూ రెండు కంచాలు పెడుతోంది."

సూరమ్మ గంప మీది గుడ్డ సర్దుకుంది. "మా ఆయన ఏటకెళ్ళినప్పుడు నేనూ అంతే," అని లేచింది. ఆ రోజే ఆ పాటకి వేటపాట అని పేరు పెట్టేసింది. అందులో సముద్రమూ లేదు, వలా లేదు. అయినా నాకు ఆ పేరు నచ్చింది.

ఇలా చాలా ఏళ్ళు నడిచింది. టీచరుగారు ఉద్యోగం విరమించారు. నారాయుడు పోయాడు. అరుగు మీదికి కొత్తవాళ్ళు వచ్చారు.

ఒక సాయంత్రం వేటపాట సగంలో ఉండగా టీచరుగారు నన్ను ఆపేశారు.

"తాయారూ, ప్లేయరు ముల్లు పాడైనట్టుందే. అక్కొక్కతే పాడతంది. చెల్లెలి గొంతు రావట్లేదు."

తాయారమ్మ మిషను తొక్కడం ఆపింది. "ఇద్దరూ పాడతన్నారు కదక్కా."

"ఎక్కడ? నాకు వినపడితేగా."

తాయారమ్మ లేచివచ్చి మెత్తటి గుడ్డతో నన్ను తుడిచింది. ముల్లు మీది దుమ్ము ఊది మళ్ళీ పెట్టింది. నాలో సోలాంజ్ నిండుగా పాడుతూనే ఉంది. టీచరుగారు చెవిని స్పీకరు పెట్టెకి ఆనించి విన్నారు. "లేదే. ఆ పిల్ల లేదు," అన్నారు. తాయారమ్మ చేతిలోని గుడ్డను మడతపెట్టింది. వినాల్సిన మనిషి జానెడు దూరంలో ఉంది, ఆ గొంతు మాత్రం ఆవిడను చేరడం లేదు.

కాకినాడలో చెవుల డాక్టరుకు చూపించుకుని వచ్చారు. సన్నని శబ్దాలు ముందు పోతాయట, బరువైనవి తరవాత పోతాయట. చెవికి పెట్టుకునే మిషను ఇచ్చాడు. అది పెట్టుకుని వింటే నా పాటలు రేకు డబ్బాలో గులకరాళ్ళలా ఉన్నాయన్నారు ఆవిడ. తీసి సొరుగులో పడేశారు.

ఆ తరవాత నన్ను ముట్టుకోలేదు. సూరమ్మ అడగనే అడిగింది.

"ఏటపాట ఎయ్యట్లేదేంటి టీచరమ్మా?"

"సగమే ఉంది సూరమ్మా ఇప్పుడది. సగం పాట ఏం వింటాం."

తాయారమ్మ గొంతు చిన్నప్పటి నుంచీ మొగగొంతు. బడిలో ప్రార్థనకి నిలబెట్టి, నువ్వు పెదాలు మాత్రం ఆడించమని ఎవరో చెప్పారట. అప్పటి నుంచి ఆవిడ పాడగా విన్నవాళ్ళు లేరు. అలాంటిది ఒక మధ్యాహ్నం ఆవిడ తనే నన్ను తీసి ప్లేయరు మీద పెట్టింది. అక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మడ్లెన్ ఎత్తుకుంది. చెల్లెలి వంతు రాగానే తాయారమ్మ నోరు తెరిచింది. సోలాంజ్ పైన ఎక్కడో పాడే వరసను కిందికి దించి, తన బరువు గొంతుతో అక్క చెవి దగ్గర పాడింది.

టీచరుగారు ముందు పెట్టెవైపు చూశారు. తరవాత చెల్లెలివైపు తిరిగారు.

"నీకెప్పుడొచ్చే ఇది?"

"ఇన్నేళ్ళూ మిషను తొక్కుకుంటా వినలేదేంటి?"

"మాటలన్నీ తప్పు."

"తప్పయితే నేర్పు."

టీచరుగారు కళ్ళు తుడుచుకున్నారు, కళ్ళజోడు పెట్టుకున్నారు, పాఠం మొదలుపెట్టారు. అర్థం చెప్పి, పలికించి, మళ్ళీ పలికించి, నెత్తిన మొట్టినంత పనిచేశారు. తాయారమ్మ విసుక్కుంది, నేర్చుకుంది. అన్నాళ్ళూ అరుగు మీది శ్రోతలనే లెక్కలో పెట్టుకున్నాను. మిషను దగ్గర కూర్చుని, తల ఎత్తకుండా, నన్ను అందరికంటే శ్రద్ధగా విన్న మనిషిని గమనించనే లేదు.

కాలక్రమాన మడ్లెన్ గొంతు కూడా టీచరుగారికి అందకుండా పోయింది. అప్పుడు ఆవిడ చెల్లెలి వీపు మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి అక్క వంతు తాను పాడటం మొదలుపెట్టారు. ప్లేయరు ముల్లు అరిగిపోయింది. అలాంటివి ఇప్పుడు తయారు కావడం లేదని కాకినాడ దుకాణంలో చెప్పారు. తాయారమ్మ ఉత్తచేతులతో వచ్చి నన్ను అట్టలో పెట్టి బీరువాలో ఉంచింది. వాళ్ళు పాడుకోవడం మాత్రం ఆపలేదు. బీరువాలోంచి నాకు వినపడేది.

టీచరుగారు పనిచేసిన బడిలో పాత వస్తువులు పెట్టడానికి ఒక గది కట్టారు. నన్ను అడగడానికి మాష్టార్లు వచ్చారు. తాయారమ్మ ఆ మాట అక్కకు పలక మీద రాసి చూపించింది.

"ఇచ్చెయ్యి," అన్నారు టీచరుగారు. "పాటలు మన దగ్గరే ఉన్నాయిగా."

అలా అద్దాల పెట్టెలోకి వచ్చాను. పక్కన ఒక లాంతరు, ఒక చేతిగంట. నా కింద 'పారిస్ పాటలు' అని చీటీ అంటించారు. పిల్లలు ముక్కులు అద్దానికి ఆనించి ఇది తిండి పళ్ళెమా అని అడుగుతారు.

మొన్న బడి వార్షికోత్సవానికి అక్కాచెల్లెళ్ళిద్దరినీ పిలిచారు. వేదిక నా గది కిటికీకి ఎదురుగానే. టీచరుగారు కుర్చీలోంచే చెల్లెలి వీపు మీద చెయ్యి వేశారు. తాయారమ్మ మైకు ముందు ఒకసారి దగ్గి, వేటపాట ఎత్తుకుంది. రెండు ముసలి గొంతులు, రెండూ బరువైనవే. రాగం మన వైపుకి కొంచెం వంగింది. పిల్లలు అల్లరి మాని విన్నారు. వెనక వరసలో సూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

పాట అయ్యాక టీచరుగారు, వినపడనివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా, మైకులోనే అడిగారు. "ఎక్కడైనా తప్పానా తాయారూ?"

లేదన్నట్టు తాయారమ్మ తల అడ్డంగా ఊపి, అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

టీచరుగారు మూడో చరణం మొత్తం వదిలేశారు, తాయారమ్మా ఆవిడ వెంటే వెళ్ళింది. ఆ సంగతి అక్కడ తాయారమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అప్పటి నుంచీ నా మూడో చరణం నాకే అదనమనిపిస్తోంది.