కల్లంలో గోల్ఫ్

నా రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. అక్షరాలు ఆలస్యంగా పట్టుబడిన చెయ్యి, మెల్లగా నడుస్తుంది.

చలికాలం వచ్చిందంటే ఎల్లారెడ్డి ఊరి హన్మవ్వ, తోటి కూలి భూమక్కను వెంటేసుకుని హైదరాబాద్ దగ్గరి గోల్ఫ్ మైదానానికి గడ్డి పనికి పోయేది. అక్కడ ఏటా ఆడవాళ్ల పోటీ జరిగేది. ఆటే బతుకుదెరువైన అమ్మాయిలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. మొదటి ఏడు చూసేవాళ్లు లేక, కలుపు తీసే ఆడవాళ్లనే తాడు పక్కన నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నారు. తర్వాత టీవీ వాళ్లొచ్చారు, రంగు గొడుగులొచ్చాయి. ఆపైన డబ్బు పెట్టే కంపెనీ తప్పుకుంది. పోటీ ఆగిపోయింది.

ఆడేవాళ్లలో కామారెడ్డి పిల్ల అనిల ఒక్కతే ఈ కూలి ఆడవాళ్ల పక్కన కూర్చుని జొన్నరొట్టె తినేది. ఇప్పుడు కామారెడ్డిలో ఒక కాలేజీలో ఆటలు నేర్పుతోంది. మొన్న బస్టాండులో హన్మవ్వకు కలిసింది.

"నా గోల్ఫ్ కర్రలు అమ్మేస్తున్న అవ్వా. పోటీయే లేదు, ఇంకెందుకు?"

హన్మవ్వ ప్రాణం ఉసూరుమంది. "అమ్మే ముంగట ఒక్కసారి మా పొలంల ఆడు బిడ్డా. ఆదివారం రా."

వరి కోసిన మడి అది. గడ్డి పెంచే వ్యవధి లేదు. అందుకని హన్మవ్వ, భూమక్క తమకు తెలిసినట్టు కల్లం చేశారు. నేల చదును చేసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో నున్నగా అలికారు. నడుమ గుంట తీసి స్టీలు గ్లాసు పాతారు. అలికిన నేలను బోసిగా వదలబుద్ధికాక నిండా ముగ్గేశారు.

కర్రల సంచి దించిన అనిల నోరెళ్లబెట్టింది.

"ఏందవ్వా ఇది? ముగ్గు తొక్కకుండ ఎట్ల కొట్టాలె?"

"గదే ఆట" అంది భూమక్క. "మీరు ఇసుక గుంతలు, నీళ్ల గుంతలు పెడ్తరు గదా. మాది ముగ్గు."

అనిల నవ్వుతూ మునివేళ్ల మీద నిలబడి బంతిని తట్టింది. అది గ్లాసును దాటి, పిండి పూసుకుని వరి కొయ్యల్లోకి పోయింది.

"గింతేనా? టీవీల ఆడినదానివి!"

"నేల జారుతున్నది భూమక్కా!" అంటూ అనిల చెప్పులు విడిచింది, చున్నీ నడుముకు చుట్టింది. మళ్లీ కొట్టింది. మళ్లీ దాటింది. ఇక ఆమె నవ్వు ఆగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి నేల వాలు చూస్తోంది. ఆ ముఖం చూసి ఎన్నేళ్లయిందో అనుకుంది హన్మవ్వ.

అప్పుడే అనిల ఫోను మోగింది. కర్రలు కొంటానన్న ఆయన.

"నువ్వే ఎత్తు అవ్వా."

"ఏమని చెప్పాలె?"

"అమ్ముతలేనని చెప్పు. జర పక్కకు నిలబడు, నీడ పడుతున్నది."

హన్మవ్వ పక్కకు జరిగి, గొంతు తగ్గించి, "అమ్ముతలేదంట కొడుకా. మెల్లగ మాట్లాడు, ఆట నడుస్తున్నది" అంది.

ఇది రాసింది దేవవ్వ, వయసు అరవై నాలుగేండ్లు, ఇప్పుడు ఉండేది దోమకొండ.