అందేదాకా పంపిన నంబరు

ఏటా శ్రావణంలో ఒక ఆదివారం సొంత రేడియోలతో దూరాన ఉన్నవాళ్లను పలకరించే జిల్లాలోని హామ్ రేడియో క్లబ్బులు పోటీ పడతాయి. ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా, ఒక్క బ్యాటరీతో, ఎవరు ఎక్కువ రేడియో స్టేషన్లను పలకరిస్తే గెలుపు వాళ్లది. ఊరికే పలకరిస్తే చాలదు. అవతలివాళ్లు పంపిన వరుస నంబరు, అంటే అది వాళ్లకు ఎన్నో పలకరింపో, తప్పు లేకుండా రాసుకోవాలి. ఒక్క అంకె తప్పినా ఆ పలకరింపు ఇద్దరి ఖాతాలోనూ కొట్టేస్తారు. నాలుగేళ్లుగా గుత్తి క్లబ్బుదే గెలుపు.

ధర్మవరం క్లబ్బులో ఆ ఏడు ముగ్గురే మిగిలారు. సెల్‌ఫోన్లు బాగుచేసే మారుతి, పట్టుచీరల అంగడి వేణుగోపాల్, మారుతి అక్క సువర్ణ. సువర్ణది మగ్గం ఇల్లు. తమ్ముడు లైసెన్సు పరీక్షకు చదువుతుంటే పక్కన కూర్చుని విని, తానూ రాసి పాసైంది. చుక్కలు, గీతలుగా కూసే మోర్సు భాషను ఏడాదిపాటు కండెలు చుడుతూ, ఇయర్‌ఫోన్ పెట్టుకుని నేర్చుకుంది. ప్రతి సభ్యుడూ ఒక గంటయినా మోర్సు మీద కూర్చోవాలని రూలు ఉంది కాబట్టి మారుతి ఆమెకు ఒక గంట ఇచ్చాడు. అంతకు మించి ఒక్క నిమిషం కూడా ఇవ్వనని ముందే చెప్పాడు.

ఊరి బయట గుట్ట మీద వెదురు గడకు తీగ కట్టి, టార్పాలిన్ కింద స్టేషను పెట్టారు. పైన మబ్బులు కురవకుండా ఉరుముతూ పోతున్నాయి. ఉరిమినప్పుడల్లా రేడియోలో చిటపటమని గోల. పదింటికి సువర్ణ హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

మూడో పిలుపుకే గుత్తి తగిలింది. అక్కడ మోర్సు కొట్టే కీ మీద ఉన్నది ఐజాక్ అని ముగ్గురికీ తెలుసు. రైల్వేలో ముప్పయ్యేళ్లు తంతి కొట్టి రిటైరైన మనిషి. ఆయన వేగాన్ని అందుకోవడం మారుతికే కష్టం. నంబరు గలగలా వచ్చి వెళ్లిపోయింది. సువర్ణకు మొదటి సున్నా ఒక్కటే చిక్కింది. మళ్లీ పంపమని అడిగింది. ఈసారి సగం వేగంతో వచ్చింది. సున్నా, ఆరు. మూడో అంకె మీద ఉరుము పడింది.

మళ్లీ అడిగింది. మూడు చుక్కలా, నాలుగు చుక్కలా? మూడు చుక్కలైతే మూడు, నాలుగైతే నాలుగు. తేడా అంతే.

“మూడో నాలుగో, ఏదో ఒకటి రాసెయ్యక్కా. టైము పోతాండాది,” అన్నాడు మారుతి.

“వినపడంది ఎట్ల రాసేదిరా?”

“ఆయప్ప ఈపాటికి ఇంకో ఐదు మందిని పట్టింటాడు. నీ కోసరం ఆగుతాడా?”

ఆయన ఆగాడు. సువర్ణ అడిగిన ప్రతిసారీ ఇంకాస్త నెమ్మదిగా పంపాడు. అవతలి మనిషి విసుక్కున్న జాడ ఆ కూతలో ఎక్కడా లేదు. చివరికి ఉరుముకూ ఉరుముకూ నడుమ మూడు చుక్కలు, రెండు గీతలు విడివిడిగా, స్పష్టంగా వచ్చాయి. అరవై మూడు. ఆమె రాసుకుని, తన నంబరు పంపింది. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ గంటలో ఆమె పలకరించింది పంతొమ్మిది మందినే. తర్వాత కూర్చున్న మారుతి ఒక్క గంటలో ముప్పై దాటించాడు.

రెండింటికి ధర్మవరం లెక్క నూట యాభై ఎనిమిది. గుత్తిది నూట యాభై ఒకటి. గెలిచామని మారుతి ఆ రాత్రే ఊరంతా చెప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం గుత్తిలో అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూశారు. గుత్తివి రెండు కొట్టేశారు. ధర్మవరానివి పదకొండు. తొమ్మిది మారుతివి, రెండు వేణుగోపాల్‌వి. రెండు పాయింట్ల తేడాతో గుత్తి మళ్లీ గెలిచింది. సువర్ణ పేజీలో ఒక్క కొట్టివేత లేదు.

సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక ముసలాయన ఆ పేజీ పట్టుకుని బెంచీల మధ్య నడుచుకుంటూ వచ్చాడు.

“ధర్మవరం సువర్ణ ఎవరమ్మా?”

ఐజాక్ అని పోల్చుకుని సువర్ణ లేచి నిలబడింది. “నేనే సార్. ఐదు మాట్లు అడిగి మీ టైము పోగొట్టితి.”

“ఆరు మాట్లు,” అన్నాడు ఐజాక్. “నాకేమీ పోలేదులే. నేను పనిలో ఉన్నన్నాళ్లు తంతి తప్పుగా ముట్టితే ఒగే పట్టాల మింద రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చేవి. అందుకే అవతలోడు అడిగినన్ని మాట్లు పంపల్ల. అడగనోడంటేనే మాకు భయం.” ఆ పేజీని ఆమె చేతికిచ్చాడు. “నా మొదటి ఏడు నా పేజీ ఇంత సుబ్బరంగా లేదమ్మా.”

సువర్ణ రెండు చేతులూ జోడించింది. ఆయన పోతూపోతూ మారుతి భుజం తట్టి వెళ్లిపోయాడు. మారుతి తల దించుకున్నాడు.

బస్టాండులో మారుతి అక్క పక్కకు వచ్చి కూర్చున్నాడు.

“వచ్చే ఏడు మొదటి గంట నీదేక్కా.”

“రెండు గంటలు ఇయ్యి,” అంది సువర్ణ.

వేణుగోపాల్ నవ్వి, “రూలు గంట పోను మిగిలిన నా టైము గూడా తీసుకోమ్మా,” అన్నాడు.