కళ్లెదుటే గైర్హాజరు

డోవీ పర్విస్ ఆ ఏడాది ఇరవై మూడు రోజులు బడికి రాలేదని మా రికార్డు చెబుతుంది. ఆ ఇరవై మూడు రోజులూ ఆ పిల్ల లెక్కల తరగతిలో, కిటికీ పక్కన మూడో కుర్చీలో కూర్చునే ఉంది. కళ్లారా చూశాను. రాలేదని కంప్యూటర్లో ఎక్కించిందీ నేనే.

నా పేరు నెల్డా. ఉత్తర ఫ్లోరిడాలో, అలబామా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న మా ఊరి హైస్కూలు ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా హాజరు గుమాస్తాను.

ఆ వేసవిలో రాజధానిలో పెద్దలు కూర్చుని, బడిలో పిల్లల్ని ఏ పేరుతో పిలవాలో తేల్చేశారు. పుట్టిన కాగితంలో ఉన్నదే పేరు. వేరే పేరుతో పిలవాలంటే తల్లో తండ్రో ఫారం మీద సంతకం పెట్టాలి. ఇక 'అతను', 'ఆమె' అన్న మాటలకైతే ఏ సంతకమూ చెల్లదు, పుట్టుకను బట్టే అనాలి. ఇదంతా తల్లిదండ్రుల హక్కు కాపాడటానికట. వాన పడితే మా బడిలో మూడు గదులు కారతాయి. వాటి గురించి ఎవరూ చట్టం చెయ్యలేదు.

ఎవరిని చూసి ఈ చట్టం చేశారో అందరికీ తెలుసు. మా బడిలో అలాంటి పిల్లవాడు ఒక్కడే, ఎలిస్. ఆడపిల్లగా పుట్టాడు, మగపిల్లవాడిగా బతుకుతున్నాడు. బడి తెరిచిన రోజున ఏడు గంటలకే వాళ్ల అమ్మా నాన్నా ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టేశారు. తండ్రి ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. "ఇవి చాలా నెల్డా, వేలిముద్రలు కూడా వెయ్యమంటావా?" అని నల్లటి గ్రీజు చేతులు చాపాడు. దాంతో టీచర్లు ఎలిస్ అని పిలవొచ్చు గానీ 'అతను' అనకూడదు. ఎదురుగా మీసం మొలుస్తున్న పిల్లవాణ్ణి పట్టుకుని 'ఆమె' అనడానికి చాలామందికి నోరు రాలేదు. "ఎలిస్ పుస్తకం ఎలిస్ మర్చిపోతే ఎలిస్‌ని ఆఫీసుకి పంపించా" అంటూ ఒకటో తరగతి వాచకం అప్పజెప్పినట్టు మాట్లాడుకునేవాళ్లు. చదువుకున్నవాళ్లు!

ఎలిస్ మీదికి విసిరిన ఆ రాయి డోవీకి కూడా తగిలింది.

డోవీ పుట్టిన కాగితంలో ఉన్న పేరు రేలీన్. అది వాళ్లమ్మ పేరు. కూతురికి తన పేరే పెట్టుకున్న ఆ తల్లి, పిల్లకు రెండేళ్లు నిండగానే ఒక లారీ డ్రైవరుతో వెళ్లిపోయింది. తండ్రి పేరు రాయాల్సిన చోట గీత ఉంది. పెంచింది అమ్మమ్మ ఇడెల్లా. శుక్రవారాల్లో చర్చి వంటింట్లో చేపలు వేయించే మనిషి. డోవీ అని ముద్దుగా పిలిచింది ఆవిడే, ఊరంతా అలాగే పిలిచింది. పదిహేనేళ్ల ఆ పిల్లను రేలీన్ అని పిలిస్తే పలకదు.

ఇడెల్లా ఫారం నింపి తెచ్చింది. మా వైస్ ప్రిన్సిపాల్ డాక్టర్ బ్రాస్‌వెల్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు. ఆయన డాక్టరేట్ నాయకత్వంలో.

"మీరు తల్లి కాదు కదా, మిస్ ఇడెల్లా."

"తల్లి ఉంటే నేనెందుకొస్తాను బాబూ?"

"పోనీ, సంరక్షకురాలినని కోర్టు కాగితం ఏదైనా ఉందా?"

"పదమూడేళ్లుగా తిండి పెడుతున్నా. ఒక్కరోజు కూడా ఎవరూ కాగితం అడగలా."

"మీ బాధ నాకర్థమైంది. కానీ తల్లిదండ్రుల హక్కంటూ ఒకటుంది."

"ఎక్కడుందో చెప్పు ఆ తల్లి. నేనే పోయి జుట్టు పట్టుకుని సంతకం పెట్టించుకొస్తా."

పిల్లను బడిలో చేర్చడానికి ఇడెల్లా సంతకం చాలింది. టీకాలకు చాలింది. ఎముక విరిగినప్పుడు ఆసుపత్రిలో చాలింది. పేరుకు మాత్రం చాలలేదు.

తక్కిన టీచర్లు తలుపు వేసుకుని డోవీ అనే పిలిచారు. లెక్కల టీచరు ట్రోటర్ కొత్తవాడు, ఉద్యోగం పోతుందని నీడను చూసినా ఉలిక్కిపడే రకం. మా ఖర్మకొద్దీ పొద్దున మొదటి తరగతి ఆయనదే. మొదటి తరగతిలో లేకపోతే ఆ రోజంతా లేనట్టే లెక్క.

"రేలీన్ పర్విస్?"

ఎవరూ పలకలేదు.

"మీ ముందే ఉంది కదా సార్," అన్నాడు ఎలిస్.

"పలికితేనే హాజరు."

"ఆ పేరుగలావిడ ఈ ఊళ్లోనే లేదు సార్," అంది డోవీ నెమ్మదిగా.

మొదటి నెలంతా ఆ గైర్హాజర్లను నేనే చెరిపేశాను. బ్రాస్‌వెల్ కనిపెట్టి, టీచరు ఇచ్చిన హాజరును ముట్టుకోవద్దని నాకు కాగితం ఇచ్చాడు. అప్పుడు డోవీని ఆఫీసులోకి పిలిచి బతిమాలాను.

"ఒక్కసారి 'ఆఁ' అనవే తల్లీ. నోరు అరిగిపోతుందా?"

"ఆవిడ పేరుకి నేను పలికితే, ఆవిడ నాకేదో ఇచ్చినట్టవుద్ది మిస్ నెల్డా. నాకేమీ ఇవ్వలేదు ఆవిడ."

మర్నాడు మళ్లీ గైర్హాజరని ఎక్కించాను.

గైర్హాజర్లు పదిహేను దాటగానే కంప్యూటరు తనంతట తానే తల్లికి ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం ఎన్ని చేతులు మారిందో గానీ, అక్టోబరులో ఒక మంగళవారం రేలీన్ పర్విస్ మా ఆఫీసులోకి నడిచొచ్చింది. ఎర్ర బూట్లు, నల్ల కళ్లద్దాలు. డ్రైవింగ్ లైసెన్సు బల్ల మీద పడేసింది.

బ్రాస్‌వెల్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "రండి, రండి! కాఫీ తీసుకుంటారా? తల్లిదండ్రులే మాకు ముఖ్యం." ఆ మాటలు అంటున్నప్పుడు, కూతురు ఊళ్లోకొచ్చిందని విని వచ్చిన ఇడెల్లా గుమ్మం బయట చెక్క బల్ల మీద కూర్చుని ఉంది. ఆవిడకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"ఇంతకీ ఇప్పుడు ఎన్నో క్లాసు అది?" అని అడిగింది రేలీన్.

"పదో తరగతండీ."

"అబ్బో." కాఫీలో మూడు చెంచాల చక్కెర వేసుకుంది. బ్రాస్‌వెల్ ఫారం ముందుకు జరిపాడు. ఆవిడ చదివింది, మొహం మాడింది.

"నా పేరు పెట్టుకోవడానికి దానికి నామోషీనా? మా అమ్మ నేర్పిందా ఇది? పెట్టను సంతకం."

"అది పూర్తిగా మీ హక్కండీ," అన్నాడు బ్రాస్‌వెల్ వినయంగా.

బయటికెళ్తూ రేలీన్ తల్లి ముందు ఒక్క క్షణం ఆగింది. ఇడెల్లా మొహం తిప్పుకుంది. కూతురు ఏ గదిలో ఉందని రేలీన్ అడగలేదు. పన్నెండు నిమిషాలు. సందర్శకుల పుస్తకంలో వచ్చిన టైమూ వెళ్లిన టైమూ రాయించేది నేనే కాబట్టి తెలుసు. తల్లి హక్కు కారెక్కి వెళ్లిపోయింది.

గైర్హాజర్లు ఇరవై మూడైనప్పుడు కౌంటీ కోర్టు పిలిచింది. రికార్డులు పట్టుకుని నేనూ వెళ్లాను.

"రేలీన్ పర్విస్!" అని బంట్రోతు అరిచాడు. ఎవరూ లేవలేదు. "రాలేదండీ," అన్నాడు జడ్జితో.

"ఇక్కడ కూడా మొదలెట్టారా?" అని ఇడెల్లా లేచి నిలబడింది. "ఇదిగో పిల్ల, నా పక్కనే ఉందయ్యా!"

జడ్జి ముసలాయన, చెవిలో మిషను. దాన్ని సవరించుకుని డోవీకేసి వంగాడు.

"నీ పేరేంటమ్మాయ్?"

ఇన్ని నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

"డోవీ అండి."

"డోవీ, బడికెందుకు పోవడం లేదు?"

"రోజూ పోతున్నానండి."

జడ్జి బ్రాస్‌వెల్ వైపు తిరిగాడు. "ఏమయ్యా?"

"అంటే... శారీరకంగా హాజరైంది గానీ..."

"గానీ? ఇంకెట్లా హాజరవుతారయ్యా మనుషులు? ఆత్మ ఒక్కటే వస్తుందా?"

కోర్టులో ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు. నన్ను పిలిచాడు.

"నెల్డా, ఈ పిల్లను బడిలో చూశావా నువ్వు?"

"చూశానండి. రోజూ."

"మరి రాలేదని ఎందుకెక్కించావ్?"

"అలా ఎక్కించమన్నారండీ."

చెబుతుంటే నా గొంతు నాకే రోతగా వినిపించింది.

కేసు కొట్టేశాడు. కాగితాల సంగతి తేలేదాకా పిల్ల కుర్చీలో కనబడితే హాజరు వెయ్యమన్నాడు. సంరక్షణ కాగితానికి ఏ కిటికీ దగ్గరికి వెళ్లాలో ఇడెల్లాకు ఆయనే చేత్తో రాసిచ్చాడు. అభ్యంతరం ఉంటే చెప్పమని రేలీన్‌కు రెండు నోటీసులు పంపారు. జవాబు లేదు. డిసెంబరు మొదట్లో కాగితం వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఇడెల్లా ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టింది, వేయించిన చేపల వాసనతో సహా.

మర్నాడు పొద్దున ట్రోటర్ "డోవీ పర్విస్" అని పిలిచాడు. "ఉన్నాను సార్" అంది. తరగతయ్యాక ఆయన తలుపు దగ్గర ఆపాడట. "నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు కదా" అన్నాడట. "మీ ఉద్యోగం మీకుంది సార్. నాకు ఇరవై మూడు గైర్హాజర్లున్నాయి," అని డోవీ వెళ్లిపోయింది.

అవి ఇప్పటికీ ఉన్నాయి. కొట్టేయడానికి నియమం లేదన్నాడు బ్రాస్‌వెల్. జనవరిలో ఆయన్ని జిల్లా ఆఫీసుకు పైకెక్కించారు, అన్ని బడుల పేర్ల ఫారాలూ చూసుకోవడానికి. ఎలిస్ ఇంకా 'అతనూ' 'ఆమే' ఏదీ కాకుండా ఉత్త ఎలిస్సే. వాడిప్పుడు దాన్ని ఆటగా మార్చుకున్నాడు. పొరపాటున టీచరు నోట 'అతను' అని జారినప్పుడల్లా తను డోవీకి ఒక వేరుశనక్కాయ బాకీ పడతాడు.

మా బడిలో సెలవులు తక్కువ పెట్టినవాళ్లకు ఏడాది చివరి లెక్కల పరీక్ష మినహాయిస్తారు. ఇరవై మూడు రోజులు రాని డోవీకి ఆ మినహాయింపు దొరకలేదు. మే నెల ఎండలో కూర్చుని రాసింది. తొంభై ఒకటి వచ్చాయి.

మార్కుల కాగితం తీసుకోవడానికి ఇడెల్లా నా కిటికీ దగ్గరికొచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. వెనక వరసలో తల్లులున్నారు, కొత్త వైస్ ప్రిన్సిపాల్ ఉన్నాడు. అందరికీ వినపడేలా అంది.

"చూశావా నెల్డా, బడికి రాకుండానే తొంభై ఒకటి! అప్పుడప్పుడూ వచ్చుంటే ఇంకెన్నొచ్చేవో!"

వరసంతా పకపకా నవ్వింది. నేను తలెత్తలేదు. తర్వాతి పిల్ల పేరేంటని అడిగాను.