శవం లేని శోకం

జమ్మికుంట చుట్టుపక్కల ఏ ఇంట్లో చావు జరిగినా కిష్టవ్వకు కబురు రావాల్సిందే. ఆమె వచ్చి శవం తల దగ్గర కూర్చుని రాగం తీసిందంటే, అప్పటిదాకా బిగబట్టుకుని నిలబడ్డ మగవాళ్లు కూడా కండువాలు మొహానికి అడ్డం పెట్టుకునేవాళ్లు. కాకపోతే ఆమెకు ఒక పట్టింపు ఉంది. ఎదురుగా శవం లేకుండా శోకం తీయదు. ఇంట్లో కూనిరాగంగానైనా తీయదు. శవం లేని చోట ఎవరి పేరు పెట్టి ఏడిస్తే వాళ్లకు మూడుతుందని వాళ్లవ్వ చెప్పింది. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు గానీ, ఆమె ముందు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మూడేళ్ల కింద ఆమె మొగుడు లక్ష్మీరాజం పోయాడు. పొద్దున చాయ్ తాగి మరమగ్గాల షెడ్డుకు పోయినవాడిని మధ్యాహ్నం నలుగురు మోసుకొచ్చారు. నలభై ఏళ్ల కాపురంలో మొగుడి పేరు ఒక్కసారైనా నోట పలకని కిష్టవ్వ, ఆ రోజు పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. "ఓ లక్ష్మీరాజమా, గడప కాడ నీ చెప్పులున్నయ్, కాళ్లెక్కడ వెట్టినవ్" అని ఆమె అడుగుతుంటే వాడంతా గొల్లుమంది.

కూతురు మమతారాణి దాన్ని ఫోన్లో పట్టి, వీడియోల సైటులో తల్లి పేరు మీద ఖాతా తెరిచి పెట్టింది. లక్షల మంది చూశారు. ఆ ఫోన్ ఆ తర్వాత నీళ్ల డ్రమ్ములో పడి చచ్చింది. ఇక మిగిలింది సైటులో ఉన్న ఆ ఒక్క వీడియోనే. ప్రతి అమాసకూ కిష్టవ్వ అది పెట్టించుకుని వినేది. తన ఏడుపు వినాలని కాదు పాపం, తన నోట ఆ పేరు వినాలని.

పోయిన నెలలో ఆ వీడియో మీద కాపీరైటు నోటీసు వచ్చింది. అందులో ఉన్న గొంతు తమ సొత్తని ముంబైలోని ఏదో కంపెనీ ఫిర్యాదు చేసింది. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే సైటువాళ్లు దాన్ని తీసేస్తారట. డౌన్‌లోడు చేసుకుందామంటే అప్పటికే తాళం పడింది. మమతారాణి నెట్ సెంటర్లో ఊరందరి దరఖాస్తులు నింపే మనిషి, తనింటికే వచ్చేసరికి ఆ నోటీసును నాలుగుసార్లు చదివింది.

తవ్వి చూస్తే సంగతి ఇదీ. ఆ కంపెనీ కిష్టవ్వదానితో సహా చావు పాటల వీడియోలన్నీ తన సాఫ్ట్‌వేర్‌కు తినిపించి ఒక గొంతు తయారుచేసింది. పేరు టైపు చేస్తే చాలు, ఎవరి కోసమైనా ఏడ్చిపెడుతుంది, మాట్లాడమంటే మాట్లాడుతుంది; ఇప్పుడు ఊరూరా ఫోన్లలో అదే. ఆ గొంతును కంపెనీ తన పేర రాయించుకుంది. సైటులోని యంత్రం రెండూ పోల్చి, అచ్చం ఒకటే అని తేల్చి, కిష్టవ్వదే నకలంది. మనిషన్నవాడు ఎక్కడా చూడలేదు. దీనికి కొత్త చట్టం వస్తుందని పేపర్లో రాస్తున్నారు గానీ, అది వచ్చేదాకా గడువు ఆగుతుందా?

కంపెనీ పాట ఒకటి పెట్టి వినిపించింది మమత. కిష్టవ్వ చెవి ఒగ్గి విన్నది. తన గొంతే. తను ఊపిరి పీల్చే చోటే పీలుస్తోంది. కానీ ఎంతసేపైనా బొంగురుపోవడం లేదు, ముక్కు చీదడం లేదు. ఆమె ఫోన్ బోర్లించింది.

అప్పీలు చేసుకోవాలంటే గొంతు తనదేనని నిరూపించాలట. తెర మీద ఒక పేరు వస్తుంది, ఆ పేరు పెట్టి అదే రాగంలో పాడాలి. మమత బటన్ నొక్కింది. 'భవ్యశ్రీ' అని వచ్చింది.

భవ్యశ్రీ మమత బిడ్డ, ఆరేళ్లది. అప్పుడు వాకిట్లో కూర్చుని బలపంతో గీతలు గీస్తోంది.

మమత పేజీ మూసి మళ్లీ తెరిచింది. మళ్లీ అదే పేరు. మూడోసారీ అదే. ఫోన్లో బిడ్డ స్కూలు కాగితాలు ఉన్నాయి గదా, అందులోంచి లాక్కుని ఉంటుందని తనకు తనే సర్దిచెప్పుకుంది. చివరికి ఆ వీడియో పోతే పోనీ అన్నది.

కిష్టవ్వ వాకిట్లో ఉన్న పిల్ల వైపు చూసింది. ఆ పేరు పలికితే మనుమరాలు ఏమవుతుందో అని భయం. పలకకపోతే ఆయన పేరు ఇక ఈ లోకంలో తన నోట వినపడదు. చివరికి లేచి తలుపు దగ్గరకు వేసి వచ్చింది.

"దానికి పేరే గదా గావాలె," అన్నది. "నా పేరు వెడుత."

వద్దని కూతురు చెయ్యి పట్టుకున్నా వినలేదు. గోడకు వీపు ఆనించి, తన పేరు తనే పెట్టుకుని తీసింది. ఓ కిష్టవ్వా, అందరి కోసం ఏడిస్తివి, నీ కోసం ఏడ్చేటోళ్లెవరే అని తనను తనే అడిగింది. ఆపాక మమత చేత దాన్నే సైటుకు పంపించింది.

మర్నాడు జవాబు వచ్చింది. పంపిన ఆధారంలోని విలాపాన్ని బట్టి ఖాతాదారు మరణించినట్టు గుర్తించామని, కుటుంబానికి తమ సానుభూతి అని రాశారు. చనిపోయిన కళాకారుల పాటలు తీసేయడం వాళ్ల నిబంధనల్లో లేదట. వీడియో దక్కింది. ఖాతా మీద కిష్టవ్వ ఫొటోకు దండ కనిపిస్తోంది, కింద వేలమంది దండాలు పెడుతున్నారు. మా అవ్వ బతికే ఉందని మమత ఆమెతో మాట్లాడించి పంపింది. చనిపోయినవాళ్ల గొంతును వాడటం నేరమని హెచ్చరిక వచ్చింది.

సాయంత్రం ఆదిలాబాద్ నుంచి కిష్టవ్వ చెల్లెలు దేవవ్వ ఫోన్ చేసింది. ఆ దండ ఫొటో చూసి ఏడుస్తోంది, శవాన్ని ఎప్పుడు లేపుతరని అడుగుతోంది. కిష్టవ్వ ఫోన్ లాక్కుని, నేనేనే, మంచిగనే ఉన్న అని చెప్పింది.



"మమతా, గా మిషిని బంద్ చెయ్యి బిడ్డా," అన్నది దేవవ్వ. "మా అక్క లెక్కనే మాట్లాడుతుంది. నాతోని అయితలే." అని ఇక ఆపుకోలేక రాగం తీసింది. "ఒక్క కంచంల తిన్నమక్కా, ఒక్క గొంగట్ల పండుకున్నమక్కా..."

ఆ కంచం సంగతి ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు, ఏ వీడియోలోనూ లేదు. దేవవ్వ ఊపిరి కోసం ఆగిన చోట, చెల్లె తనను గుర్తుపడుతుందని కిష్టవ్వ అందుకుంది.

"పెద్ద ముద్ద నీకే వెట్టితి గదనే చెల్లే, నేను అడుగు ఊడ్సుకుంటి..."

దేవవ్వ ఏడుపు టక్కున ఆగింది.

"గది గూడ నేర్సుకున్నదా గా మిషిని," అని ఫోన్ పెట్టేసింది.