గోడ మీద అరచేతులు

జుల్మీరా ఇంటి గోడ దగ్గర పెట్టగానే రేడియేషన్ కొలిచే యంత్రం కీచుమంది. గని కంపెనీ ఇంజనీరు గబగబా వెనక్కి నడిచాడు. అదే గోడకు వీపు ఆనించి మనవరాలికి పాలు పడుతున్న జుల్మీరాను మాత్రం ఎవరూ లేవమనలేదు. పోలీసు అధికారి ఆమెను అడిగిన మొదటి మాట, ఈ మట్టి ఎక్కడ దొంగిలించావని.

యురేనియం గని వ్యర్థాల చెరువు అడుగున పరిచిన బంకమట్టి అది. పరిచింది అక్కడ కూలికెళ్లిన మేమే. తడిపి, రోలరుతో తొక్కించి, పొర మీద పొర వేశాం. ఇసుకలో పరుగెత్తే నీరు బంకమట్టిలో పాకుతుంది. నీటితో వచ్చిన విషం మట్టికి అంటుకుని చాలావరకు అక్కడే ఆగిపోతుంది. మా బావులు ఇన్నాళ్లూ బతికింది ఆ పొర చలవే.

చెరువును పెంచే పనిలో కాంట్రాక్టరు ఆ పొరను ఒక పక్క తవ్వించి, బాట పక్కన కుప్ప పోయించాడు. కంచె లేదు, బోర్డు లేదు. వానలు వెళ్లాక మా బాహియా రాష్ట్రం పల్లెల్లో ముతిరావ్ జరుగుతుంది. ఊరంతా కలిసి ఒకరి ఇంటికి మట్టి మెత్తి, తడి ఆరకముందే తలుపు పక్కన అరచేతులు అద్దుతాం. ఆ యేడు వంతు జుల్మీరాది. ఇంత మెత్తని మట్టి దొరికిందని మురిసిపోయాం. మా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే. విషాన్ని పట్టి ఉంచిన మట్టినే తెచ్చి ఇంటికి పూశాం.

కర్రపెండలం పిండి ఆడే పాకలో సభ పెట్టాం. జుల్మీరా దొంగతనం ఒప్పుకుంటే వేరే ఇల్లు కట్టిస్తామనీ, మిగతావాళ్లు నోరు మూసుకోవాలనీ కంపెనీ కబురు పంపింది. ఒప్పుకుంటే ఊరు బయటపడుతుందన్నాడు కొట్టు నడిపే అబ్దియాస్.

రోలరు నడిపే జెనివాల్దోకు ఒళ్లు మండింది. "ఏం బయటపడుద్ది బాబాయ్? మట్టి తీసిన చోట ఇసుక పోసి కప్పెడతన్నారు. మట్టి విషాన్ని చంపదు, పట్టుకు కూర్చుంటది. ఇసుక దాన్ని నేరుగా నీ బావిలోకి పంపుద్ది."

పోలీసులతో పెట్టుకుని ఎవడు బాగుపడ్డాడని అబ్దియాస్ గొణిగాడు. జుల్మీరా అతనికేసి చూసింది.

"నేను దొంగనైతే, దాన్ని తవ్విపారేసినోడు దొరవుతాడా? నేనొప్పుకోను," అంది.

మర్నాడు జీపు వచ్చింది. మట్టి మెత్తడంలో ఇంకెవరున్నారని అధికారి గద్దించాడు. మేం తలుపు పక్కన గోడను చూపించి, మా అరచేతులు పైకెత్తాం. చిన్నా పెద్దా అందరి గుర్తులూ అక్కడున్నాయి. ఆ చేతుల దగ్గర యంత్రం పెట్టి చూడమన్నాం. ఇంజనీరు జీపు దిగలేదు. అధికారి జుల్మీరాను ఒక్కదాన్నే ఎక్కించుకున్నాడు.

మనవరాలిని జెనివాల్దో చేతికిస్తూ ఆమె చెప్పింది: "గోడ మీరు పడగొట్టకండర్రా. దుమ్ము పిల్లల ఊపిరిలోకి పోద్ది. తీయాల్సింది కంపెనీ వాళ్లు."

జీపు మలుపు తిరగకముందే చెరువుకు వెళ్లే ఇసుక లారీలు కనిపించాయి. జెనివాల్దో పసిదాన్ని తన భార్యకు అప్పగించి బాట మధ్యలో కూర్చున్నాడు. అతని పక్కన మేం, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాం. కొట్టుకు తాళం వేసి అబ్దియాస్ చివరగా వచ్చాడు.

"కాస్త జరగండ్రా, ఇక్కడ సందుంది," అని ఇరుక్కుని కూర్చున్నాడు.

మొదటి లారీ హారన్ కొడుతూ జెనివాల్దో మోకాళ్ల దాకా వచ్చింది. ఎవరమూ లేవలేదు.